పులిరాజా ఇల్లాలు

పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న 2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ అంతటా రోడ్ల పక్కన వెలసింది. ఇళ్లలో పేరెత్తడానికి జంకే వ్యాధిని ఆ ప్రచారం బజారులో చర్చకు పెట్టింది. అంతగా జనంలోకి వెళ్లిన రచనను ప్రభుత్వ ప్రకటనేకదా అని వదిలివేయరాదు. కథను పరీక్షించినట్లే దాన్నీ పరీక్షించాలి.

శిల్పం దృష్ట్యా అది నెగ్గింది. లోపం వస్తువులో వున్నది. ఆ ప్రశ్నలో మగవాడున్నాడు, అతనికి హెచ్చరిక వున్నది. అతని ఇల్లాలు లేదు.

నిజామాబాదు జిల్లాలో ఆమెను వెతకనక్కరలేదు. ఇక్కడ వేలాది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. చుట్టని రోజు కూలి లేదు. వారిలో ఒకామెకు భర్త నుంచి హెచ్.ఐ.వి. సోకిందనుకుందాం. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. మందుకు ధర లేదు గాని, మందు కోసం పట్నానికి పోయిన రోజుకు ధర వున్నది: బస్సు ఛార్జీ, పోయిన కూలి. తిండి చాలని ఒంటికి క్షయ పొంచి వుంటుంది.

బోధన్‌లో ఈ కష్టానికి మరొకటి తోడయింది. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. జీతం ఆగిన ఇంట్లో మొదట తగ్గేది ఎవరి పాలు, ఎవరి గుడ్డు? రోగిష్టి కోడలివే. భర్త పోతే నింద ఆమెపై మోపి ఇల్లు వెళ్లగొట్టడం తేలిక. 2005 నాటి గృహహింస చట్టం ఇంట్లో వుండే హక్కునిచ్చింది. 2017 నాటి చట్టం వివక్షను నిషేధించింది. కాని కోర్టుకెక్కితే రోగం ఊరందరికీ తెలుస్తుందన్న భయం ఆమె నోరు నొక్కుతుంది.

ఒక ప్రకటన ఇవన్నీ చెప్పాలా అని కొందరడగవచ్చు. జాగ్రత్త చెప్పడమే దాని పని, నిజమే. అయితే జాగ్రత్తపడే అధికారం ఇంట్లో ఎవరికున్నదో చెప్పని హెచ్చరిక సగం హెచ్చరికే.

ఈ వస్తువు చేపట్టే రచయితలకు నా మనవి: ఆమె నిర్దోషి అని నిరూపించడానికి కథను ఖర్చు చేయవద్దు. ఒళ్లమ్ముకొని బతికే స్త్రీకైనా మందూ తిండీ హక్కే. ఆమె కూలి ఎంత, ఆసుపత్రి ఎంత దూరం, ఇల్లు ఎవరి పేర వున్నది? ఈ ప్రశ్నలు మన కథల్లోకి రావాలి.