నీరింకితేనే ఇగురు

చలికాలంలో భిలాయిలోని సుపేలా ఆదివారం సంతకు వెళ్తే టమాటాలు కుప్పలుపోసి ఉంటాయి. దుర్గ్ జిల్లాలో ధమ్‌ధా వైపు టమాటా బాగా పండుతుంది. ఛత్తీస్‌గఢీలో దాన్ని 'పతాల్' అంటారు. మా అత్తయ్య సంచిలో బాగా పండిన టమాటాలు, అరకిలో మటన్ ఖీమా కనబడితే ఆ పూట కూరేమిటని ఎవరూ అడగరు. టమాటా ఖీమా ఇగురే.

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఆ కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు భిలాయికి తరలివచ్చాయి. మామయ్య అక్కడ డ్యూటీ చేసిన రోజుల్లో ఇగురు పక్కన కంచం నిండా అన్నం ఉండాల్సిందే. రిటైరయ్యాక షుగరొచ్చింది, అన్నం తగ్గించమన్నారు డాక్టరు. అత్తయ్య అన్నమే మార్చింది, కూర జోలికి పోలేదు. ఆవిడ లెక్క సరైనదే. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. పచ్చి టమాటాలో అది 4 గ్రాములు. మాంసంలో దాదాపు లేదు.

చిక్కదనం కోసం జీడిపప్పు ముద్ద, మొక్కజొన్న పిండి కలిపే కూరలున్నాయి. ఇగురుకు అవేవీ అక్కర్లేదు. ఇగరడమంటేనే నీరింకడం. ఆ పేరులోనే పద్ధతంతా ఉంది.

ముందు ఖీమాను కడిగి గట్టిగా పిండాలి. వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, ఒక్క ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి వేగాక ఖీమా, పసుపు, ఉప్పు వేయాలి. మూత పెట్టకూడదు. మొదట మాంసం నీరు వదిలి బుడబుడమంటుంది. నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మాంసం ఉడుకుతుందే గానీ వేగదు. కాసేపటికి చప్పుడు మారి చిటపటలు మొదలవుతాయి. అత్తయ్య వేరే పనిలో ఉన్నా ఆ చప్పుడుకు ఇటు తిరుగుతుంది. ఖీమా గోధుమరంగుకు తిరిగేది, కమ్మటి వాసన పుట్టేది అప్పుడే.

ఆ తరవాతే కారం, ధనియాల పొడి, తరిగిన అరకిలో టమాటాలు. సన్నని సెగ మీద ముప్పావుగంట. ముక్క పూర్తిగా కరిగి, పులుపు తగ్గి, అంచుల వెంట ఎర్రగా నూనె తేలాలి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెలో ఉడికితే ఒంటికి బాగా పడుతుంది. చివర్లో చిటికెడు గరంమసాలా, కొత్తిమీర. ఇటలీలో బొలోనా వాళ్లు తమ మాంసం సాస్ 'రాగూ' వంటకాన్ని 1982లో అక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేయించుకున్నారు. దాని రుచి కూడా సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గడంలోనే ఉంది.

అన్నం బదులు అత్తయ్య లేత ఆనపకాయను సన్నగా పొడుగ్గా తరిగి, ఉప్పు చల్లి, నీరు పిండి, రెండు నిమిషాలు వేయిస్తుంది. ఒక్కోసారి తురిమిన కాలీఫ్లవర్. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే అన్నం మానాలి. మందు మోతాదు తగ్గించకపోతే షుగర్ బాగా పడిపోవచ్చు.

ఖాళీ అయిన మూకుట్లో పిడికెడు అన్నం కలుపుకుని తినడం మామయ్యకు చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు అదే మూకుట్లో వేయించిన ఆనపకాయ వేసి, అడుగంటిన ఇగురంతా దానికి పట్టించి ఆయన ముందు పెడుతుంది అత్తయ్య. మూకుడు ఎప్పటిలాగే తళతళలాడుతూ తిరిగొస్తుంది.