కొస చెప్పే కబురు

రాడ్ బ్లాంక్ అంటే పిడి, రింగులు, రీలు బిగించని ఉత్త గొట్టం. మొదలు చిటికెన వేలంత, కొస అగ్గిపుల్లంత. అమెరికాలో గాలపు కర్రను సొంతంగా కట్టుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సామాను ఇదే. పిడి నచ్చకపోతే మార్చుకోవచ్చు, రింగులు ఊడదీసి మళ్లీ కట్టుకోవచ్చు. బ్లాంక్ కుదరకపోతే మాత్రం మొదటికే రావాలి.

ఆ కుదురు ఎంత అవసరమో 'ఫినెస్' పద్ధతిలో బాస్ చేపను వేటాడేవాళ్లకు బాగా తెలుసు. లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ బాస్‌లు ఉత్తర అమెరికా మంచినీటి చేపలు. నీళ్లు తేటగా ఉన్నా, చలి ముదిరినా, పడవల రద్దీకి చేపలు బెదిరినా పెద్ద ఎరలు పనిచెయ్యవు. అప్పుడు వేలెడంత మెత్తటి ప్లాస్టిక్ ఎర, రెండు నుంచి ఏడు గ్రాముల సీసం, సన్నటి లైను బయటికొస్తాయి. టెనెసీకి చెందిన చార్లీ బ్రూవర్ తన 'స్లైడర్' ఎరలతో ఈ దారి తొక్కిన తొలితరం మనిషి. జపాన్‌లో పదునెక్కిన డ్రాప్‌షాట్ అనే ఫినెస్ పద్ధతి 1990లలో కాలిఫోర్నియా లోతైన సరస్సులకు చేరింది. నెడ్ రిగ్ అనే మరో పద్ధతికి ఆ పేరు కాన్సస్ రచయిత నెడ్ కెహ్డే వల్ల వచ్చింది.

బాస్ చాలాసార్లు ఎరను కొరకదు. నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చుకుంటుంది, అనుమానం తగిలితే అంతే చురుగ్గా ఉమ్మేస్తుంది. మన చెరువుగట్టు మీద బెండు మునగడం చూసి కర్ర లాగుతాం. ఇక్కడ బెండు లేదు. లైను మీద 'టిక్' మని ఒక తాకిడి, లేదా తడిగుడ్డేదో తగులుకున్నంత బరువు, అంతే. ఆ కబురును చేతిదాకా మోసుకొచ్చేది బ్లాంకే.

వెదురు, ఆ తర్వాత ఫైబర్‌గ్లాస్ ఏలిన ఈ రంగంలోకి 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ కర్రను తెచ్చింది. జిగురు పట్టించిన కార్బన్ పీచు పట్టాను కత్తిరించి, కొసకు సన్నబడే ఉక్కు కడ్డీకి చుడతారు. పైన టేపు బిగించి ఓవెన్‌లో కాలుస్తారు. గట్టిపడ్డాక కడ్డీని లాగేస్తే మిగిలేది బ్లాంక్. పీచు బిగువును మాడ్యులస్ అంటారు. అది పెరిగేకొద్దీ తక్కువ సరుకుతోనే అంత బిగువూ వస్తుంది. కర్ర తేలికవుతుంది, చిన్న తాకిడి కూడా తెలుస్తుంది. కానీ గోడ పలచబడుతుంది. పడవ అంచుకు తగిలిన దెబ్బ ఆ పూట కనిపించకపోవచ్చు, మరోనాడు చేపను లాగుతుండగా అక్కడే పుటుక్కుమంటుంది.

కొత్తవాళ్లు తికమకపడేది పవర్, యాక్షన్ అనే రెండు మాటల దగ్గర. ఎంత బరువుకు వంగుతుందన్నది పవర్. ఎక్కడ వంగుతుందన్నది యాక్షన్. కొస దగ్గరే వంగితే ఫాస్ట్, వంపు నడుముదాకా దిగితే మోడరేట్. ఫినెస్‌కు సాధారణంగా ఏడడుగులకు అటూ ఇటూ పొడవు, మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్ నప్పుతాయి. ఎరను ఉన్నచోటే వణికించే డ్రాప్‌షాట్‌కు కొస ఇంకా చురుగ్గా ఉండాలి. సన్నటి కొక్కెంతో అడుగున పాకే నెడ్ రిగ్‌కు కాస్త మెత్తదనం మేలు. కొక్కెం తేలిగ్గా దిగుతుంది, చేప ఉరికినప్పుడు ఆరేడు పౌండ్ల లైను తెగకుండా కర్రే ఆ ఊపును మింగుతుంది. షేకీ హెడ్ అనే ఇంకో ఫినెస్ పద్ధతిలో కొక్కెం మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని రావాలి కాబట్టి ఒక మెట్టు బలమైన మొదలు కావాలి.

చిక్కేమిటంటే, ఒక కంపెనీ మీడియం లైట్ మరో కంపెనీ మీడియంతో సమానం కావచ్చు. దీనికి విలియం హానెమన్ అనే శాస్త్రవేత్త చిల్లర డబ్బులతో ఉపాయం చెప్పాడు. బ్లాంక్ మొదలును బల్లకు బిగించి, కొసకు చిన్న సంచి తగిలించి, పొడవులో మూడోవంతు కిందికి వంగేదాకా అమెరికా పెన్నీలు వేస్తూ పోవాలి. ఏడడుగుల బ్లాంక్ అయితే 28 అంగుళాలు. 1983 తర్వాతి పెన్నీ ఒక్కోటి 2.5 గ్రాములు. నాణేల లెక్క పవర్ చెబుతుంది, అప్పుడు కొస వాలిన కోణం యాక్షన్ చెబుతుంది. రెండు కంపెనీల సరుకును ఒకే తూకంలో పెట్టడానికి ఇంతకన్నా చవకైన సాధనం లేదు.

ఇంత చూసుకుని కొన్నాక బరువైన రింగులు కడితే చేసిందంతా వృథా. కొస మీద పడ్డ ప్రతి గ్రామూ చురుకుదనాన్ని చంపుతుంది. అందుకే కొసవైపు చిన్న, తేలికపాటి రింగులే వాడతారు.

మన ఊళ్లలో గాలానికి వెదురు కోసేవాడు మొదలు పట్టుకుని ఒకసారి ఆడించి చూస్తాడు. కార్బన్ బ్లాంక్‌కూ ఆ మర్యాద దక్కాలి. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటూ ఈ సరదాలో దిగే తెలుగువాళ్లు ముందు ఆ రాష్ట్రపు ఫిషింగ్ లైసెన్సు నిబంధనలు చూసుకోండి. తర్వాత చీటీ మీద రాసిన మాటను పక్కనపెట్టి, గుప్పెడు పెన్నీలు జేబులో వేసుకుని బ్లాంక్ కొనడానికి వెళ్లండి.