వాసన ముందు, రూపం తరువాత

ధ్యానశ్లోకాన్ని తరగతిలో చెప్పేటప్పుడు మనం సాధారణంగా చేతులు లెక్కపెడతాం. దేవతకు ముఖాలెన్ని, ఆయుధాలేవి, మేనిఛాయ ఏది, వాహనమేది - ఇంతటితో పాఠం అయిపోతుంది. గంధం, ధూపం మాట వస్తే ఉపచారాలని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ప్రబంధంలో పరిమళం ఎదురైతే శృంగార సామగ్రి అంటాం. ఈ రెండు అలవాట్లనూ మేము అంగీకరించలేకపోతున్నాము. మనసులో రూపం కట్టుకోవడానికి పూనుకొన్నవాడికి వాసన అలంకారం కాదు. ఆ రూపం నిలబడే చోటు.

మొదట మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో 'వాసన' అంటే పరిమళం పట్టించడం. పువ్వులు తీసివేసినా బట్టలో మిగిలే తావి వంటి సంస్కారం కూడా. తెలుగులో రెండర్థాలూ ఇంకా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. మల్లెల వాసన అంటాం, పూర్వజన్మ వాసన అంటాం, 'వాడికి సంగీతం వాసనే లేదు' అనీ అంటాం. తమిళుల వాసనై, కన్నడిగుల వాసనె, ఒడియా వారి బాస్నా ముక్కుకు తెలిసేవే. మరాఠీలో మాత్రం వేరు కాపురం పెట్టారు. ముక్కుకు తగిలేది 'వాస్', 'వాసనా' అంటే కోరిక. షోలాపూర్ విద్యార్థి తెలుగు పద్యంలో ఈ మాట చూసి ఉలిక్కిపడితే తప్పు అతనిది కాదు. (కన్నడంలో 'కంపు' సువాసన, మనకు దుర్వాసన. ఆ కథ మరోసారి.)

మానసపూజలో పంచోపచారాలను భూతాలకు జతచేసి సమర్పించే పద్ధతి ఉంది. గంధం పృథివి, పుష్పం ఆకాశం, ధూపం వాయువు, దీపం అగ్ని, నైవేద్యం అమృతం. పూవును పక్కన పెట్టినా వాసన రెండుసార్లు వచ్చింది: పూసిన చోట నిలిచేది ఒకటి, గాలిలో కదిలేది ఇంకొకటి. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు - ఆంధ్రుడే - పృథివికి చెప్పిన లక్షణం గంధం కలిగి ఉండడమే. తార్కికుల లెక్కలో నీటికీ గాలికీ సొంత వాసన లేదు. అవి మోసుకొచ్చేది పృథివి భాగాలనే. అంటే, కనబడని చోట ఏదో గట్టి వస్తువు ఉందని వాసన సాక్ష్యం చెబుతుంది. కళ్లు మూసుకొని కూర్చున్నవాడికి కావలసిన సాక్ష్యం అదే.

యోగసూత్రాల సమాధిపాదంలో 35వ సూత్రానికి వ్యాసభాష్యం చూడండి. ముక్కుకొన మీద ధారణ నిలిపితే దివ్యగంధం అనుభవానికి వస్తుందంటుంది. సూత్రకారుడు దీన్ని ఇక్కడ మహిమగా చెప్పలేదు, మనసుకు స్థితి కుదిర్చే ఉపాయాల్లో చేర్చాడు. శాస్త్రం చెప్పినదాంట్లో ఏదో ఒక్కటైనా సొంత ఇంద్రియానికి తగిలేదాకా మిగిలినదంతా పరోక్షంగానే ఉంటుందని భాష్యకారుడి వాదం. నేటి శాస్త్రజ్ఞులు మరోవైపు నుంచి వస్తారు. చూపు, వినికిడి థాలమస్ మీదుగా మెదడు పైపొరకు చేరితే, వాసన ఆ మజిలీ లేకుండానే జ్ఞాపకానికీ ఉద్వేగానికీ సంబంధించిన భాగాలకు దగ్గరదారిలో పోతుంది.

ఇదే వరుసను కావ్యంలో చూడాలంటే మనుచరిత్ర ద్వితీయాశ్వాసం చదవాలి. సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకు కరిగిపోయింది. ప్రవరుడికి ఇంటిదారి లేదు. మంత్రౌషధం చెడినచోట వాసన పని మొదలుపెడుతుంది. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు తావిని గాలి మోసుకొస్తుంది. ప్రవరుడు దానికి మురిసిపోడు. ఇక్కడ మనుష్యసంచారం ఉందని ఊహిస్తాడు. పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతి ఇది. ఆ తరువాతనే వరూధిని కంటబడుతుంది. అడవిపూల వాసన అయితే ఈ ఊహ పుట్టదు. విడెం వేసుకొనేది మనిషే గదా! తీరా చూస్తే ఆమె మనిషి కాదు, అప్సరస. వాసన ఉనికిని చెప్పింది గాని స్వరూపాన్ని చెప్పలేదు. పెద్దన చమత్కారమంతా ఈ ఎడంలోనే ఉందని మా అభిప్రాయం.

గ్రహానికొక ధూపం, దేవతకొక అత్తరు అని పట్టికలు వేసే పుస్తకాలు సరిగ్గా ఇక్కడే బోర్లాపడతాయి. రూపాన్ని ఇవ్వవలసింది ధ్యానశ్లోకం. రోజూ ఒకే ధూపం ముందు ఒకే రూపాన్ని కట్టుకొంటే, కొన్నాళ్లకు ధూపం అందగానే రూపం లేస్తుంది. అది అలవాటు చేసే పని, సాంబ్రాణి గుణం కాదు.

ఈ దృష్టితో చూస్తే, శంకరుల పేర చెలామణీలో ఉన్న శివమానసపూజలో మాకొక లోటు కనిపిస్తుంది. రత్నాసనం, చన్నీటి స్నానం, వస్త్రాలు, కస్తూరి కలిపిన చందనం, జాజి, సంపెంగ, మారేడు, ధూపం, దీపం - అన్నీ మొదటి శ్లోకంలోనే ముగిసిపోతాయి. మనసుతో వాసన చూడడం మనసుతో రూపం చూడడం కన్నా చాలామందికి కష్టం. కష్టమైన చోటనే శ్లోకం పరుగెడుతుంది. కాబట్టి చదివేవారే ఆగాలి. చందనం దగ్గర ఆగి, సాన మీద చెక్క అరుగుతున్న చప్పుడు, వేలికి తగిలే తడి, చలవ ఒక్కొక్కటే తెచ్చుకొని, వాసన అందిన తరువాతనే జాజిపూల దగ్గరకు పోవాలి.