గ్యాస్ ఒక్కటి మారిస్తే చాలదు

అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా లాంటి పాత బళ్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ బళ్లలో ఏసీ ఉంటే అది పుట్టింది ఆర్-12 గ్యాస్‌తోనే. ఓజోన్ పొరను తినేస్తున్న ఆ గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రపంచమంతటా పక్కకు నెట్టింది. మన దేశంలో 2003 జనవరి నుంచి కొత్త ఏసీల తయారీలో దాని వాడకం ఆగిపోయింది. 2008 ఆగస్టు నాటికి, ఉబ్బసం మందుల అవసరాలు తప్పిస్తే, ఉత్పత్తీ నిలిచిపోయింది. కాబట్టి పాత బండి ఏసీ చల్లదనం తగ్గిందనగానే షెడ్డులో వచ్చే సలహా ఒక్కటే: ‘134 కొట్టించేయండి సార్’. కొట్టిస్తారు. మరుసటి వేసవికల్లా కూలింగ్ సరిపోవడం లేదనో, కంప్రెసర్ పట్టేసిందనో మళ్లీ అక్కడికే వస్తారు. నింద మాత్రం కొత్త గ్యాస్ మీద పడుతుంది. ఆ నింద న్యాయం కాదని నా వాదన. ఆర్-134ఏ చెడ్డ గ్యాస్ కాదు. అది నింపేముందు చేయాల్సిన పని చేయకపోవడమే చెడ్డది.

ఎండ సంగతి ముందు చూద్దాం. సున్నా డిగ్రీల దగ్గర 134ఏ ఒత్తిడి ఆర్-12 కన్నా కొద్దిగా తక్కువే ఉంటుంది. 60 డిగ్రీలకు చేరేసరికి లెక్క తిరగబడి దాదాపు పది శాతం ఎక్కువవుతుంది. ఇంకా వేడెక్కితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో నిలబడిపోయిన బండి కండెన్సర్‌కు 60 డిగ్రీలు పెద్ద విషయం కాదు. చలిదేశంలో పాత కండెన్సర్‌తోనే నెట్టుకొచ్చిన మార్పిడి ఇక్కడ చేతులెత్తేసేది అందుకే. రేకుల మధ్య ఏళ్ల దుమ్ము పేరుకున్న, గాలి సరిగా ఆడని పాత కండెన్సర్‌ను అలాగే ఉంచి గ్యాస్ మార్చితే, పెరిగిన ఒత్తిడి భారమంతా కంప్రెసర్ మోయాలి. కనీసం దాన్ని శుభ్రంగా కడిగి, ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించి, ఒత్తిడి హద్దు దాటితే కంప్రెసర్‌ను ఆపేసే స్విచ్ పెట్టించాలి. వీలైతే కొత్తరకం కండెన్సర్ వేయించడమే మేలు. మార్పిడి ఖర్చులో ఎక్కడ చెయ్యి బిగపట్టినా ఇక్కడ మాత్రం పట్టకూడదు.

అసలు చిక్కంతా నూనెలో ఉంది. ఏసీలో కంప్రెసర్‌కు వేరే నూనె పంపు ఉండనక్కర్లేదు. గ్యాస్‌తో కలిసి నూనె కూడా గొట్టాలన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కే చేరుతుంది. ఆర్-12లో ఖనిజ నూనె హాయిగా కలిసిపోతుంది. 134ఏతో కలవదు. పాత నూనె అలాగే ఉండగా కొత్త గ్యాస్ నింపితే ఆ నూనె కూలింగ్ కాయిల్ అడుగున చేరి కూర్చుంటుంది. అటు చల్లదనానికి అడ్డుపడుతుంది, ఇటు కంప్రెసర్‌ను ఎండబెడుతుంది. కంప్రెసర్‌ను విప్పి, తలకిందులు చేసి, పాత నూనెను ఒక తెల్ల గిన్నెలోకి వంపి చూడాలి. లేత పసుపు రంగులో తేటగా ఉంటే లోపల ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లబడి, గిన్నెను వెలుతురులోకి వంచినప్పుడు వెండిపొడిలా మెరుస్తుంటే ఆ కంప్రెసర్ అరిగిపోతోందని, ఆ రజను కండెన్సర్ సన్నగొట్టాల్లోకి ఇప్పటికే చేరిందని అర్థం. ఇంత చెప్పగలిగే గిన్నెను చూడకుండా సిలిండర్ తగిలించడం నాకు మింగుడుపడదు. పాత నూనె వంపాక ఎస్టర్ నూనె పోయడం మంచిది. మూలమూలలా మిగిలిన పాత నూనెను అది కాస్త ఓర్చుకుంటుంది. ఓ-రింగులు, డ్రయర్ కొత్తవి వేయాల్సిందే, ఎందుకంటే పాత డ్రయర్‌లోని తేమ పీల్చే గుళికలు 134ఏకు సరిపడవు. హోస్ పైపుల గురించి మాత్రం నేనంత పట్టుబట్టను. 134ఏ అణువు చిన్నది, పాత రబ్బరులోంచి ఊరిపోతుందన్న మాట నిజమే గానీ, ఏళ్ల తరబడి నూనె పీల్చుకున్న పైపు భయపడినంతగా లీకవదు. పగుళ్లు కనిపిస్తే మార్చాలి. చివరగా వాక్యూమ్. అరగంటకు తగ్గకుండా పంపు నడిపితేనే లోపలి తేమ ఆవిరై బయటికొస్తుంది. ఐదు నిమిషాలు నడిపి ఆపేస్తే ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో మంచుగా గడ్డకడుతుంది, లేదా ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది.

కొలత కూడా మారింది. ఆర్-12 రోజుల్లో సైట్ గ్లాస్‌లో బుడగలు మాయమయ్యేదాకా గ్యాస్ ఎక్కించేవారు. 134ఏను అదే పద్ధతిలో నింపితే మోతాదు మించిపోతుంది. ఆర్-12 కిలో పట్టే చోట ఇది 800 నుంచి 900 గ్రాములు చాలు, అదీ తూకం వేసి.

ఇంత తతంగమెందుకు, తక్కువ ధరకు ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాసులు దొరుకుతాయి, పాత నూనెతోనే పనిచేస్తాయి, కూలింగూ బాగుంటుంది అంటారు. కూలింగ్ బాగుండేది నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు కింద, మనుషులు కూర్చునే చోట. అక్కడ లీకైన మంటగ్యాస్‌కు ఒక నిప్పురవ్వ చాలు. అమెరికాలో కార్లలో ఆర్-12 బదులు ఇలాంటి గ్యాస్ నింపడాన్ని చట్టమే నిషేధించింది. మరికొందరు మిగిలిన ఆర్-12 మీదే 134ఏ ఎక్కించేస్తారు. రెండూ కలిసిన మిశ్రమం ఒత్తిడి విడివిడిగా రెండింటి కన్నా ఎక్కువ. పైగా అలా కలిసిన గ్యాస్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టం.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. 134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,400 రెట్ల దాకా బలమైనది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ ప్రకారం దాన్నీ తగ్గించాలి. 2028లో వాడకాన్ని కట్టడి చేసి, 2047 నాటికి ఈ కోవ గ్యాసులన్నీ కలిపి 85 శాతం తగ్గించాల్సిన బాధ్యత మనది. అలాంటప్పుడు పోయేదానికి మారడమెందుకు, నేరుగా 1234వైఎఫ్ అనే కొత్త గ్యాస్‌కు వెళ్లొచ్చుగా? ధర భరించగలిగినా, కాస్త అంటుకునే గుణమున్న ఆ గ్యాస్‌ను దానికోసం తయారుకాని బండిలో నింపమని నేను చెప్పలేను. అయినా వాతావరణం మీద నిజంగా బెంగ ఉంటే చూడాల్సింది కొత్తగా ఎక్కించే గ్యాస్ కన్నా ముందు బయటికి పోయే గ్యాస్‌ను. భూమిని వేడెక్కించడంలో ఆర్-12 బలం కార్బన్ డయాక్సైడ్ కన్నా పదివేల రెట్లకు పైమాటే. షెడ్డులో వాల్వ్ వదులు చేసి కిలో గ్యాస్‌ను గాల్లోకి వదిలేస్తే, కిలోమీటరుకు 150 గ్రాముల పొగ వదిలే కారు దాదాపు 70,000 కిలోమీటర్లు తిరిగినంత నష్టం, పైగా ఓజోన్‌కు దెబ్బ. కాబట్టి పాత గ్యాస్‌ను యంత్రంతో లాగి సిలిండర్‌లో పట్టే చోటుకే బండి తీసుకెళ్లాలి. లీకు లేకుండా, ఆర్-12తోనే చల్లగా నడుస్తున్న ఏసీ ఉన్నవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. కంప్రెసరో కాయిలో చెడి ఎలాగూ విప్పాల్సి వచ్చిన రోజున పని మొత్తం ఒకేసారి చేయించుకుంటే సరిపోతుంది.