పెద్దవాళ్ల మనసుకు మార్కులు

వృద్ధులకు ప్రశ్నలు చదివి వినిపించి జవాబులు రాసుకోవడం నా పని. కోపం వస్తే పైకి చూపిస్తారా? దిగులును తగ్గించుకోవడానికి ఆలోచన మార్చుకుంటారా? ఒకటి నుంచి ఏడు వరకు ఏదో ఒక అంకె చెప్పాలి. ఇలాంటి పత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో ప్రచురించినది. మొత్తం 10 అంశాలు. ఆరు ఆలోచన మార్చుకుని కుదుటపడటం గురించి, నాలుగు లోపలే అణచుకోవడం గురించి.

అణచుకోవడంలో మగవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయని వాళ్లు తేల్చారు. అయితే అప్పుడు జవాబులిచ్చింది కాలేజీ విద్యార్థులు. డెబ్బై దాటినవాళ్ల దగ్గర, అదీ మన ఇళ్లలో, లెక్క అంత సులువుగా తేలదు. "నాకేం లోటమ్మా, మహారాజులా ఉన్నా" అంటాడు పెద్దాయన, కొడుకు వైపు ఒకసారి చూసి. పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మొదలుపెడుతుంది. కోడలు వంటింట్లోకి వెళ్లాక గొంతు తగ్గించి అసలు సంగతి చెబుతుంది. ఆయన దాచుకున్నాడు, ఆమె చెప్పుకుంది అని రాసుకుంటే సగమే నిజం. కోడలు లేచేదాకా ఆమె దాచుకున్నదీ అణచుకోవడమే కదా!

1980లలో యెసావేజ్ బృందం వృద్ధుల కోసం తయారుచేసిన డిప్రెషన్ స్కేలులో అంకెల బెడద లేదు, అవును, కాదు అంటే చాలు. నిద్ర, ఒంటి నొప్పుల లాంటివి వయసుతో ఎలాగూ వస్తాయని ఆ ప్రశ్నలు పెట్టలేదు. తెలివైన పనే. కానీ దిగులును నొప్పులుగానే చెప్పుకునే మనిషికి ఆ పత్రంలో నోరు తెరిచే చోటు తగ్గిపోతుంది.

అలాగని పెద్దాయన మాటను అబద్ధమనీ కొట్టిపారేయలేం. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు అక్కర్లేని గొడవలు వదిలి, మనసుకు దగ్గరైనవాళ్లనే ఎంచుకుంటారని స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు లారా కార్‌స్టెన్సన్ సిద్ధాంతం. ఆయన నిజంగానే నిశ్చింతగా ఉండొచ్చు. నిశ్చింతకూ దాపరికానికీ ఒకటి నుంచి ఏడు వరకు అంకె వేసే కాగితం మీద పడేది మాత్రం ఒకే అంకె.

అందుకే ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది: పెద్దవాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. "ఎలా ఉంటారు" అని కాదు, "మొన్న కోపం వచ్చినప్పుడు ఏం చేశారు" అని అడగండి. అంకె పక్కన వాళ్ల మాట వాళ్ల నోట వచ్చినట్టే రాయండి. ఎవరి ఎదుట అన్నారో అదీ రాయండి. అది లేని మార్కును నమ్మకండి.