ఛాయాచిత్రమునందలి వర్తమానము

నెల్లూరిసీమయందుఁ దమ యూరి నిత్యవ్యవహారమును ఛాయాచిత్రములుగాఁ దీయువారు నేఁడు పెక్కండ్రు గలరు. పెన్నయొడ్డున బట్ట లుదుకుట, మైపాడు తీరమున వల లాగుట, అంగడివీథిలో బేరమాడుట వీరికి వస్తువులు. ఉన్నదున్నట్లు పట్టిన ఛాయ కళ యెట్లగునని కొందఱు పండితు లాక్షేపింతురు. ఈ యాక్షేపము క్రొత్తది కాదు. స్వభావోక్తి విషయమున మన యాలంకారికు లీ వాదమునే నడపిరి. దండి దానిని మొదటి యలంకారముగాఁ గైకొనెను. కుంతకుఁడు వస్తుస్వభావ మలంకార్యమే కాని యలంకారము గాదనెను. కుంతకుని యాక్షేపమును దాఁటవలెనన్న, ఉన్నదానిని జూపుటయందును దీయువాని యెంపిక కనఁబడవలయును.

ఆ యెంపిక దేనియందు? వైయాకరణుల మతమునఁ గ్రియ యొక క్షణము గాదు. ఒకదానివెంట నొకటి నడచు నవయవముల సమూహము. కుండ పొయ్యిమీఁదఁ బెట్టినది మొదలు దించువఱకుఁ గల వ్యాపారమంతయు "వండుచున్నాఁడు" అను నొక్క పదమునఁ దెలియును. యంత్రమో క్షణమునే పట్టును. 1838లో డాగెరు పారిసునందుఁ దీసిన వీథిచిత్రమునకు నిమిషముల కాలము పట్టెను. కావున నందు బండ్ల జాడయు బాటసారుల జాడయు లేవు. కదలక నిలిచి జోళ్లు తుడిపించుకొనుచున్న యొక్కఁడు మాత్రము కానవచ్చును. ఆనాఁడు కదలునవి కానరాలేదు. నేఁడు అన్నియుఁ గానవచ్చును గాని కదలికయే కానరాదు. వల లాగువారి మడమలు ఇసుకలోఁ గ్రుంగి, త్రాడు బిగిసి, వల యింకను నీట నున్న క్షణము నెన్నినచో గడచినదియు రాఁబోవునదియు స్ఫురించును. అందఱును యంత్రమువైపు తిరిగి నవ్విన చిత్రమునఁ గర్తలు గలరు, క్రియ లేదు.

రెండవది కాలము. చిత్ర మెప్పుడును వర్తమానముననే పలుకును. "స్మ" యను నవ్యయము చేరినపుడు లట్టు భూతార్థమునఁ బ్రవర్తించునని పాణిని మూఁడవ యధ్యాయమున విధించెను. రూపము వర్తమానము, అర్థము భూతము. పాత ఛాయాచిత్రపు స్థితియు నిదియే. కాని దానికి "స్మ" వంటిది తేదియు స్థలమును దెలుపు వ్రాఁత. అది లేనిచో, బకింగుహాము కాలువలో సరకుపడవలు నడచిన నాఁటి చిత్రమును జూచి, ఇది యే కాలువ, ఎప్పటి మాట యని బాలుఁ డడిగినఁ బ్రత్యుత్తరము లేదు. మార్పు వేగముగ వచ్చుచున్నది. తీరమునఁ దెప్పలకు మాఱుగా ఫైబరు పడవలు వచ్చినవి. 2008లోఁ గృష్ణపట్నపు టోడరేవు తెఱవఁబడెను. 2021 నవంబరున వఱద పెన్నయొడ్డులను ముంచెను. నేఁటి చిత్రము కొలఁదియేండ్లకే భూతమగును.

ఇందు భాషకును లాభము గలదు. మన నిఘంటువులు "మత్స్యవిశేషము", "వృక్షవిశేషము" అని విడిచిన పదము లెన్నియో గలవు. పదము మిగిలినది, వస్తువు తెలియదు. పేరు లేని చిత్రమున వస్తువు మిగులును, పదము తెలియదు. కావునఁ బాఠశాలలయందలి పండితులు, విద్యార్థులు తెచ్చు ప్రతిచిత్రమునకుఁ దేదియు, స్థలమును, అందలి పనిముట్టునకు ఆ పనివారి నోటనే విన్న పేరును వ్రాయింపవలయును. మూఁడును గల చిత్రమే రేపటి పరిశోధకునకుఁ బ్రమాణ మగును.