విప్పుకోవడానికి వీలైన కుట్టు

నడికుడి జంక్షన్‌లో రైలు దిగితే చుట్టూ సున్నపురాయి నేలే. సిమెంటుకు ఎంతో మంచిదైన ఈ నేల బట్టలకు మాత్రం పడదు. బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. సబ్బూ సున్నమూ కలిసి తెల్లటి తెట్టుగా మారి పోగుల మధ్య ఇరుక్కుంటాయి. అమ్మమ్మ పట్టుచీరతో కుట్టించిన లాంగ్ ఫ్రాకైనా, పాతకాలపు బుట్టచేతులు పెట్టిన మంగళగిరి నూలు గౌనైనా నాలుగు ఉతుకులకే బిరుసెక్కి కళ తప్పిందంటే ముందు నీళ్లను అనుమానించాలి.

ఇలాంటి నీళ్లలో కుంకుడుకాయే దిక్కు. దాని నురగ సున్నంతో కలిసి తెట్టు కట్టదు. ఆరేడు కాయలు చితక్కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారాక బట్టను ముంచి అరచేత్తో అదమాలి. మెలిపెట్టి పిండకూడదు, బండకేసి బాదకూడదు. పట్టయితే ముందుగా ఒక మూల తడిపి రంగు దిగుతుందేమో చూసుకోవాలి. చివరి జాడింపుకు పట్టి ఉంచిన వాన నీళ్లుంటే ఇంక కావలసిందేముంది! ఆరేసేది నీడలోనే.

ఇక కుట్టు సంగతి. నా దృష్టిలో బట్ట ఆయుష్షు తేలేది కుట్టిన రోజే. మన పట్టుపరికిణీలు చూడండి. అడుగున రెండు మూడు టక్కులు పట్టేవారు, నడుము దగ్గర బట్ట మడిచి లోపలే ఉంచేవారు. పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికో టక్కు విప్పితే పరికిణీ కూడా ఎదిగేది. ఆ బట్ట విప్పడానికి వీలుగా పుట్టింది. కానీ ఈమధ్య మా అమ్మ చీర ఒకటి ఫ్రాకు కుట్టమని దర్జీకి ఇస్తే, లోపల పావు అంగుళం కూడా మిగల్చకుండా కత్తిరించి ఓవర్‌లాక్ చేసి ఇచ్చారు. రెండేళ్లకు చంకల దగ్గర బిగుసుకుపోయింది. వదులు చేద్దామంటే లోపల బట్టే లేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

చిరుగు పట్టినప్పుడు దారం విషయంలో చాలామంది పొరబడతారు. గట్టిదని పాలిస్టర్ దారం వాడితే అది నలిగిన పట్టును కోసేస్తుంది. దారం బట్టకన్నా బలంగా ఉండకూడదు. లాగుడు పడితే తెగాల్సింది దారమే. చిరుగు వెనక మెత్తటి మల్లుగుడ్డ పెట్టి, సన్నటి సూదితో, వదులుగా చేతికుట్టు వేయాలి. పైన మాటు కావాలంటే అదే చీరలో మిగిలిన ముక్క వేస్తే రంగు కలుస్తుంది. అందుకే కత్తిరింపు ముక్కలు దర్జీ దగ్గర వదిలి రావద్దు.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉతికిన పాత పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్లు గడిస్తే జరీ అక్కడే విరుగుతుంది.

ఈసారి కొలతలిచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: ‘అన్నా, పక్కకుట్టుల్లో అంగుళం, అడుగున మూడంగుళాలు లోపల వదులు’ అని. ఆ కుట్టును రేపు మీ అమ్మాయి విప్పుకుంటుంది.